కళ్లు లేవా, రంగు కరిగిపోయిందా?

ఆకుచెత్తలో దొరికిన తెల్ల స్ప్రింగ్‌టెయిల్‌ని (తోకతో ఎగిరే చిన్న నేల జీవి) పొటాష్‌లో (పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం) నానబెట్టి స్లైడ్ చేశాక కళ్లు కనబడలేదు, కొత్త జాతేనా అని మీరు అడిగారు. అప్పుడే పేరు పెట్టకండి. పొటాష్ కంటి రంగును కరిగించేస్తుంది. కటకాలు మాత్రం మిగులుతాయి. ఫేజ్ కాంట్రాస్ట్‌లో (పారదర్శకమైనవాటిని స్పష్టంగా చూపే మైక్రోస్కోప్ పద్ధతి) మీసం మొదలుకి వెనక, తలకి రెండు పక్కలా చూడండి, సన్నటి గాజుపూసల్లా ఉంటాయి. పక్కకి 8 దాకా ఉండొచ్చు, కొన్నిట్లో ఒకటో రెండో. ఆల్కహాల్‌లో మిగిలినవాటిని పొటాష్ తగలకుండానే పరిశీలించండి.

నిజంగానే గుడ్డిదైనా అదొక్కటే చాలదు. ఫోల్సోమియా కాండిడా అనే తెలిసిన స్ప్రింగ్‌టెయిల్ జాతి కూడా తెల్లగా, కళ్లు లేకుండా చాలా దేశాల్లో దొరుకుతుంది. దూకే తోక లేక, చర్మం మీద గుండ్రటి సూడోసెల్లై (కళ్లలా కనిపించే చర్మ రంధ్రాలు) ఉంటే ఒనికియురిడే అనే కుటుంబం వైపు వెళ్లండి. మీసం మొదట్లో ఉండే సూడోసెల్లైనే కళ్లనుకునే ప్రమాదమూ ఉంది! ఆపైన 1000 రెట్లలో వెంట్రుకల అమరిక చూడండి, కనీసం ఐదారు నమూనాల్లో.