కప్ప కింద ఏం పరిచావు, దానికి ఎలా పెడుతున్నావు?

అమ్మలూ,

నువ్వు పంపిన నీ ప్యాక్‌మ్యాన్ కప్ప ఫొటో చూశాను. అరచేతిలో పట్టేంత ఉంది, పచ్చగా, ఆ పేరున్న వీడియోగేమ్ బొమ్మలాగే మొహమంతా నోరే. ఎంత ముద్దుగా ఉందో! కానీ దాని కింద పరిచిన రంగురాళ్లు చూశాక నాకు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఫోన్లో రెండు ముక్కలు చెబితే నువ్వు తలూపి మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. ముందు లేచి ఆ రాళ్లు తీసెయ్. వాసనా రంగూ లేని పేపర్ టవల్‌ని నాలుగు మడతలు వేసి, మంచినీళ్లతో తడిపి పరిచి, కప్పని దాని మీద కూర్చోబెట్టు. మిగతాది తర్వాత నింపాదిగా చదువుకో.

పదహారేళ్ల కిందట నేను తెచ్చుకున్న మొదటి ప్యాక్‌మ్యాన్ కప్ప కూడా రాళ్ల మీదే కూర్చునేది. కొట్టతను ట్యాంకుతో పాటు ఆ రాళ్ల సంచీ కూడా చేతిలో పెట్టి, శుభ్రం చెయ్యడం తేలిక అన్నాడు. నమ్మాను. మూడో నెలలో తిండి మానేసింది. పొట్ట ఒక పక్క గట్టిపడింది. వేలితో మెల్లగా తడిమితే లోపల చింతగింజల మూటలా తగిలింది. ఎక్స్‌రేలో తొమ్మిది రాళ్లు కనిపించాయి. డాక్టరమ్మ చెయ్యగలిగిందంతా చేసింది, అయినా దక్కలేదు. ఆ ఎక్స్‌రే ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

తప్పు కప్పది కాదు, అది వేటాడే తీరే అంత. ఇవి దక్షిణ అమెరికాలో అర్జెంటీనా, పరాగ్వే వైపు జాతులు. వెనక కాళ్లతో మట్టిని తోసుకుంటూ కళ్ల దాకా కూరుకుపోయి, రోజుల తరబడి కదలకుండా కూర్చుంటాయి. ముందు ఏదైనా మెదిలిందా, అమాంతం మీద పడతాయి. ఆ నాలుక జిగట మామూలుది కాదు. జర్మనీలో కీల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో కొలిచి చూస్తే, చాలాసార్లు కప్ప ఒంటి బరువునే మించిపోయింది ఆ పట్టు. అలాంటి నాలుక కీచురాయి పురుగుని అందుకున్నప్పుడు పక్కనున్నది కూడా అంటుకుని లోపలికి పోతుంది. మనలాగా ఏరి ఊసెయ్యడం దానికి చేతకాదు.

కాబట్టి ట్యాంకులో ఏం పెట్టాలన్నా నేను చూసేది ఒక్కటే. నోట్లో కాస్త పడ్డా మలంతో పాటు బయటికి పోయేంత మెత్తగానైనా ఉండాలి, లేదా దాని తలకంటే పెద్దదైనా అయ్యుండాలి. మధ్యరకమే ప్రాణం తీస్తుంది. గులకరాళ్లు, బెరడు ముక్కలు, కుండీ మట్టిలో తెల్లగా కనిపించే పెర్లైట్ పలుకులు, అన్నీ ఆ మధ్యరకమే. ఇసుక వద్దు, పేగుల్లో పేరుకుంటుంది. దేవదారు, పైన్ చెక్క పొట్టు అసలే వద్దు, వాటి నూనెలు చర్మాన్ని కాలుస్తాయి.

నేను వాడేది కోకోపీట్. మన అంబాజీపేట వైపు పీచు తీసే చోట కుప్పలుగా పడి ఉంటుందే, ఆ కొబ్బరి పొట్టే. ఇక్కడ ఇటుకల్లా నొక్కి అమ్ముతారు. తోటలకి అమ్మేదాంట్లో ఎరువు కలిసి ఉండొచ్చు, జంతువుల కోసం అమ్మేదే కొను. పీచుని ఉప్పునీళ్లలో నానబెట్టే చోట్లు ఉన్నాయి కాబట్టి ఎంత మంచి ఇటుకైనా రెండుసార్లు కడిగి పిండు. తడి ఎంతుండాలంటే, అరిసెల పిండి గుర్తుందా? పిడికిట్లో పడితే ముద్ద నిలవాలి, గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. నీళ్లు ధారగా కారితే ఎక్కువైనట్టు, పొడిపొడిగా రాలిపోతే చాలనట్టు. మూడంగుళాల మందంగా పరిస్తే అదే గుంత చేసుకుని కూర్చుంటుంది.

కప్ప నోటితో నీళ్లు తాగదు, పొట్ట కింద చర్మంతో పీల్చుకుంటుంది. అంటే ఆ పొట్టులో ఏముంటే అది ఒంట్లోకి పోతుంది. దాని మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా కూడా. మలం కనిపించిన రోజే తీసెయ్, నెలకోసారి మొత్తం మార్చు, నీళ్ల గిన్నె రోజూ మార్చు. ఎప్పుడైనా ఆ విషం ఎక్కి అది ఉన్నట్టుండి గిలగిలా కొట్టుకుని, కాళ్లు బారచాపేస్తే, ముందు శుభ్రమైన నీళ్లలో పొట్ట మాత్రమే మునిగేలా కూర్చోబెట్టి, వెంటనే డాక్టరుకి ఫోన్ చెయ్. కుళాయి నీళ్లు రాత్రంతా పట్టి ఉంచితే క్లోరిన్ పోతుంది గానీ క్లోరమిన్ పోదు. మా ఆస్టిన్ నీళ్లలో కలిపేది క్లోరమినే. మీ ఊళ్లో ఏది కలిపినా సరే, చేపల కొట్లో దొరికే, ఆ రెండిటినీ విరిచే చుక్కలమందు నీళ్లలో వేసి వాడు.

ఇక తిండి. చేత్తో పెట్టకు. కరిచిందంటే త్వరగా వదలదు, నువ్వు కంగారుపడి చెయ్యి లాగితే దాని దవడకి దెబ్బ. స్టీలు పట్టకారు కూడా వద్దు, వెదురుది కొను. నేను వెడల్పాటి ప్లాస్టిక్ మూత ఒకటి దాని మూతి ముందు పెట్టి, పట్టకారుతో పురుగుని ఆ మూత మీద ఆడిస్తాను. దూకినా మూత మీదే పడుతుంది, పొట్టు నోట్లోకి పోదు. మింగేటప్పుడు దాని కళ్లు చూడు. రెండు కళ్లూ లోపలికి కుంగిపోతాయి. భయపడకు, ఆ కళ్లతో కూడా ముద్దని గొంతులోకి నెట్టుకుంటుంది. కళ్లు మళ్లీ పైకి లేచేదాకా రెండోది చూపించకు.

కీచురాళ్లు, మేతకని పెంచి అమ్మే డూబియా బొద్దింకలు, వానపాములు మార్చి మార్చి పెట్టు. పురుగు వెడల్పు కప్ప రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. పెట్టే ముందు రోజు కీచురాళ్లకి క్యారెట్, ఆకుకూర మేపు, వాటి కడుపులో ఉన్నదే నీ కప్పకి అందేది. వాటిలో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. అందుకని విటమిన్ డి3 కలిసిన కాల్షియం పొడిని ఒంటికి విభూతి పూసినట్టు పలచగా పట్టించి ఇవ్వు. అది మానేస్తే ఎముకలు మెత్తబడి దవడ వంకరపోతుంది. విటమిన్ల పొడి వారానికోసారి చాలు.

పిల్లది కాబట్టి ఇప్పుడు రోజు విడిచి రోజు పెట్టు. ఎదిగాక వారానికోసారి. మనిళ్లల్లో ప్రేమంటే ఇంకో ముద్ద వడ్డించడమే కదా, ఈ కప్ప దగ్గర మాత్రం ఆ చెయ్యి ఆపుకోవాలమ్మా. చూపించినప్పుడల్లా తింటుంది, చాలనడం తెలీదు. ఎలకపిల్లల్ని పెట్టమని ఎవరైనా చెబితే వినకు, ఆ కొవ్వు ఒంట్లోనూ కంటిపొరలోనూ పేరుకుంటుంది. తినకుండా మిగిలిన కీచురాళ్లని రాత్రికి ట్యాంకులో వదలకు, కదలకుండా కూర్చున్న కప్ప చర్మాన్ని కొరికేస్తాయి. పెరట్లో పట్టిన పురుగులు కూడా వద్దు, పక్కింటివాళ్లు గడ్డికి ఏ మందు కొట్టారో మనకేం తెలుసు? ముఖ్యంగా ఎండాకాలం మీ న్యూజెర్సీ పెరళ్లలో ఎగిరే మిణుగురులు విషం, వాటి జోలికి పోకు.

పట్టుకునే ముందు చేతులు సబ్బు పోయేదాకా కడిగి, తడి చేతులతోనే ముట్టుకో. పట్టుకున్నాక సబ్బుతో కడుక్కో, సాల్మొనెల్లా అనే క్రిమి అంటుకుంటుంది. తమ్ముడి చేత కూడా కడిగించు.

పేపర్ టవల్ మీద వారం ఉంచు, రోజూ మారుస్తూ. ఈలోగా మలంలో రాయి ఏదైనా పడిందేమో చూడు. తిండి మానేసినా, పొట్ట గట్టిగా తగిలినా నాకు ఫోన్ చెయ్యడం కంటే ముందు కప్పల్ని చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. అలాంటివాళ్లు అన్ని ఊళ్లలో ఉండరు, మీ దగ్గర ఎవరున్నారో ఇవాళే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించు. శనివారం వీడియో కాల్ చేస్తాను, కొబ్బరి పొట్టు కలిపి పిడికిట్లో పట్టి చూపించు. అది సరిపోయిందన్నాకే ట్యాంకులో పరుద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ