మెనూ సరిచూసేటప్పుడు మౌస్ పక్కన పెట్టు: పేజ్ బిల్డర్‌తో సైట్లు కట్టే మేనల్లుడికి

అల్లుడూ,

కడప బండల అంగడికి నువ్వు ఎలిమెంటర్‌లో (కోడ్ రాయకుండా వర్డ్‌ప్రెస్‌లో పేజీలు కట్టే పేజ్ బిల్డర్) కట్టిన సైట్ చూశాను. ఫొటోలు బాగా కుదిరాయి. మెనూ మాత్రం పైన పటారం, లోన లొటారం. మౌస్ పట్టుకోగలిగి, కళ్ళు బాగా కనిపించే వాళ్ళకే అది పనిచేస్తోంది. అనంతపురంలో నీ చేతికొచ్చే పనులన్నీ ఇలాంటి అంగళ్ళు, కాలేజీలు, నర్సింగ్ హోముల సైట్లే. వీటిలో దేనికైనా మెనూ పద్ధతి ఒకటే కాబట్టి వివరంగా రాస్తున్నా.

మౌస్ పక్కన పెట్టి, బ్రౌజర్ అడ్రస్ గడిలో ఒకసారి క్లిక్ చేసి, అక్కణ్ణుంచి ట్యాబ్ కీ ఒక్కొక్కసారే నొక్కుతూ రా. వెనక్కి పోవాలంటే షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్. లింకుకు ఎంటర్, బటన్‌కు ఎంటర్ లేదా స్పేస్, తెరుచుకున్నది మూయడానికి ఎస్కేప్. నొక్కిన ప్రతిసారీ ఇప్పుడు ఎక్కడున్నావో కంటికి తెలుస్తోందా, అనుకున్న చోటికే వచ్చావా అని చూడు. నీ సైట్‌లో లోగో, హోమ్, బండలు వరకూ వరస సరిగానే వచ్చింది. ఆ తర్వాత నాలుగుసార్లు నొక్కినా తెర మీద ఏమీ కదల్లేదు. ఐదోసారికి 'ధరలు' రంగు మారింది.

ఆ నాలుగు నొక్కులూ 'బండలు' కింద దాచిన నల్ల బండలు, పాలిష్ బండలు, మెట్ల బండలు, గట్టు బండలు లింకుల మీదికి పోయాయి. సబ్‌మెనూ మెల్లగా తేలుతూ రావాలని నువ్వు కస్టమ్ సీఎస్‌ఎస్‌లో, అంటే పేజీ రూపాన్ని చెప్పే కోడ్‌లో, ఒపాసిటీ సున్నా పెట్టావు. ఒపాసిటీ సున్నా అయితే వస్తువు కంటికి కనబడదు, అంతే. బ్రౌజర్ దృష్టిలో అది అక్కడే ఉంటుంది, ట్యాబ్ దాని మీద ఆగుతుంది, స్క్రీన్ రీడర్ (చూపు లేనివాళ్ళకు తెర మీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) దాన్ని చదువుతుంది. దానికి తోడుగా విజిబిలిటీ హిడెన్ పెట్టు, తెరిచినప్పుడు విజిబుల్ చెయ్యి. విజిబిలిటీకి కూడా ట్రాన్సిషన్ పెట్టొచ్చు కాబట్టి నీ సొగసు ఎక్కడికీ పోదు. ఫోన్ మెనూను ట్రాన్స్‌లేట్‌తో తెర బయటికి నెట్టేవాళ్ళూ ఇదే తప్పు చేస్తారు. బయటికి నెట్టినంత మాత్రాన దాచినట్టు కాదు. బిల్డర్‌లో 'డెస్క్‌టాప్‌లో దాచు', 'మొబైల్‌లో దాచు' అని ఉండే మీటలతో మాత్రం భయం లేదు, అవి డిస్‌ప్లే నన్ వాడతాయి, దాంతో కంటికే కాదు, ట్యాబ్‌కూ స్క్రీన్ రీడర్‌కూ కూడా అది అందదు.

ఇక అసలు సంగతి, 'బండలు' అనే ఆ పై అంశం. ఏ బిల్డర్‌లోనైనా మెనూ చెడేది ఎక్కువగా ఇక్కడే. ఎలిమెంటర్ మెనూ విడ్జెట్‌కు అంశాలు వర్డ్‌ప్రెస్‌లోని అపియరెన్స్, మెనూస్ నుంచి వస్తాయి. అక్కడ నువ్వు కస్టమ్ లింక్ తీసుకుని, చిరునామా గడిలో హాష్ గుర్తు ఒక్కటి పెట్టి వదిలేశావు. స్క్రీన్ రీడర్ దాన్ని 'బండలు, లింక్' అని చదువుతుంది. వినేవాడు ఏదో పేజీ తెరుచుకుంటుందని ఎంటర్ నొక్కుతాడు. పేజీ పైకి ఎగరడం తప్ప ఇంకేమీ జరగదు. సైట్ పాడైందనుకుని పోతాడు.

లింకు పని ఇంకోచోటికి తీసుకుపోవడం, బటన్ పని ఇక్కడే ఏదో ఒకటి జరిపించడం. 'బండలు' ఆ రెంటిలో ఏదో ముందు తేల్చుకో. నీకు మూడు దారులున్నాయి.

సబ్‌మెనూయే తీసెయ్యడం నాకు అన్నిటికన్నా నచ్చిన దారి. మొత్తం ఏడెనిమిది పేజీల సైట్‌కు ఎగిరే మెనూ ఎందుకు? 'బండలు' అని ఒక పేజీ పెట్టి, అందులో నాలుగు రకాలనూ ఫొటోతో, మందంతో, చదరపు అడుగు ధరతో వరసగా చూపించు. బేల్దారి మేస్త్రి ఫోన్‌లో చూసేది అదే పేజీ.

సబ్‌మెనూ తప్పదంటే పై అంశాన్ని పూర్తిగా బటన్ చెయ్యి. వర్డ్‌ప్రెస్ సొంత నావిగేషన్ బ్లాక్‌లో సబ్‌మెనూ క్లిక్‌తో తెరుచుకునే సెట్టింగ్ ఉంది. అది ఆన్ చేస్తే పై అంశం నిజమైన బటన్ అవుతుంది, తెరిచి ఉందో మూసి ఉందో స్క్రీన్ రీడర్‌కు దానంతట అదే చెబుతుంది. కానీ అప్పుడు పై అంశానికి ఇచ్చిన చిరునామా పనిచేయదు. అందుకే సబ్‌మెనూలో మొదటి లింకుగా 'అన్ని బండలు' పెట్టాలి. ఇది మర్చిపోతే ఆ పేజీకి మెనూ నుంచి దారే ఉండదు.

మూడోది, పదాన్ని లింకుగానే ఉంచి పక్కన చిన్న బాణాన్ని వేరే బటన్‌గా పెట్టడం. పెద్ద కాలేజీ సైట్లకు ఇది బాగుంటుంది. బాణానికి 'బండలు సబ్‌మెనూ' అని పేరు పెట్టకపోతే స్క్రీన్ రీడర్ వట్టి 'బటన్' అని ఊరుకుంటుంది.

బటన్‌కు ఏరియా-ఎక్స్‌పాండెడ్ అనే గుణం ఉండాలి (ఏరియా, ARIA అంటే స్క్రీన్ రీడర్‌కు సంగతులు చెప్పే కోడ్ గుణాలు), మూసినప్పుడు ఫాల్స్, తెరిచినప్పుడు ట్రూ. అది బటన్ మీదే ఉండాలి, కింది జాబితా మీద కాదు. దాంతోపాటు బటన్ పేరును కూడా 'మెనూ తెరువు', 'మెనూ మూయి' అని మార్చకు. రెండూ కలిస్తే 'మెనూ మూయి, విస్తరించి ఉంది' అని వినబడి వినేవాడికి తికమక. పేరు ఎప్పుడూ 'మెనూ', మారేది స్థితి ఒక్కటే.

యూట్యూబ్‌లో చూసి రోల్ మెనూ, రోల్ మెనూఐటమ్ అని తగిలించకు. ఆ రోల్స్ వర్డ్, ఎక్సెల్ లాంటి అప్లికేషన్ల మెనూల కోసం. అవి పెడితే స్క్రీన్ రీడర్ వాడేవాడు బాణం కీలతో కదలొచ్చనుకుంటాడు, నీ కోడ్‌లో బాణం కీలకు ఏమీ రాసి ఉండదు. మామూలు నావ్ (మెనూ కోసం ఉన్న హెచ్‌టీఎంఎల్ ట్యాగ్), దాని లోపల జాబితా, జాబితాలో లింకులు చాలు. ఏరియా గుణాలు తక్కువ వాడితే తప్పులూ తక్కువే.

మౌస్ పైకి తేగానే తెరుచుకునే మెనూ ఉంచుకోవచ్చు, కానీ ఎస్కేప్ నొక్కితే మూతపడాలి, పాయింటర్ పై అంశం నుంచి కిందికి జరుగుతుంటే మధ్యలో మాయమవకూడదు. పైదానికీ కిందిదానికీ నడుమ మార్జిన్‌తో (బయటి ఖాళీతో) సందు వదిలితే చెయ్యి వణికేవాళ్ళకు అది దాటలేని గుంత. ఆ ఖాళీ కావాలంటే సబ్‌మెనూ లోపల ప్యాడింగ్‌తో (లోపలి ఖాళీతో) తెచ్చుకో.

ఇప్పుడు మూడు గీతల బటన్. అది ఫోన్ కోసమే అనుకుంటున్నావు, కాదు. 1280 పిక్సెళ్ళ తెర మీద చూపు తక్కువున్న మనిషి పేజీని 400 శాతం పెద్దది చేస్తే, సైట్‌కు మిగిలే వెడల్పు 320 పిక్సెళ్ళే. ఎలిమెంటర్‌లో మొబైల్ హద్దు మామూలుగా 767, ట్యాబ్లెట్ హద్దు 1024. అంటే 200 శాతం దగ్గరే డెస్క్‌టాప్ మెనూ పోయి మూడు గీతలు వచ్చేస్తాయి. ఫోన్ మెనూను కీబోర్డుతో వాడేది వీళ్ళే. అందుకే కంట్రోల్, ప్లస్ నొక్కి పేజీ పెద్దది చేసి ట్యాబ్ పరీక్ష మళ్ళీ చెయ్యి. బటన్ మీదికి ట్యాబ్ వెళ్ళాలి, ఎంటర్‌కూ స్పేస్‌కూ రెండింటికీ తెరుచుకోవాలి, తర్వాతి ట్యాబ్ నేరుగా మెనూలో మొదటి లింకు మీద పడాలి. ఎస్కేప్‌తో మూస్తే ఫోకస్ (ట్యాబ్ ఆగి ఉన్న చోటు) మళ్ళీ ఆ బటన్ మీదికే రావాలి, పేజీ మొదటికి పోకూడదు. మెనూ తెర మొత్తం కప్పేసేదైతే, తెరిచి ఉన్నంతసేపూ వెనకున్న పేజీలోకి ట్యాబ్ జారకూడదు. ఇనర్ట్ అనే గుణం ఉన్నది అందుకే.

ఎలిమెంటర్ పాపప్‌నే మెనూగా వాడితే, పాపప్ సెట్టింగ్స్ అడ్వాన్స్‌డ్ భాగంలో ఎస్కేప్‌తో మూయడాన్ని ఆపే మీట ఉంటుంది, అది ఆఫ్‌లో ఉండాలి. యాక్సెసిబుల్ నావిగేషన్ అనేది ఆన్‌లో ఉండాలి. మూడు గీతల పక్కన 'మెనూ' అని మాటల్లో కూడా రాయి. మూడు గీతలంటే మెనూ అని మన అంగళ్ళకొచ్చే పెద్దవాళ్ళందరికీ తెలియదు.

తెలుగు విషయంలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పనివి కొన్ని ఉన్నాయి. నీ సైట్ భాష ఇంకా ఇంగ్లిష్ అనే ఉంది. వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్, జనరల్, సైట్ లాంగ్వేజ్‌లో తెలుగు ఎంచుకో. లేకపోతే స్క్రీన్ రీడర్ నీ తెలుగు మెనూను ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి అక్షరాలు మింగేస్తుంది. రెండోది, మెనూ పట్టీకి ఎత్తు 40 పిక్సెళ్ళని బిగించావు. 'రవాణా ఖర్చులు'లో రకారం కింది చవత్తు సగం తెగిపోయింది. ఎత్తు బిగించకు, లైన్ హైట్ 1.6కు తగ్గకుండా పెట్టి, పైనా కిందా ప్యాడింగ్ ఇవ్వు. లెటర్ స్పేసింగ్ సున్నాయే ఉండాలి. ఇంగ్లిష్ థీములు పెద్దక్షరాల కోసం ఇచ్చే ఖాళీ తెలుగు పదాన్ని చిందరవందర చేస్తుంది. తెలుగు మాటలు పొడుగు కాబట్టి ఏడు అంశాలు ఒకే వరసలో పట్టవు. అక్షరం చిన్నది చేయకు, అంశాలు తగ్గించు. భాష మార్చే లింకుకు జెండా బొమ్మ వద్దు. ఇంగ్లిష్‌కు ఒక దేశం జెండా పెడతావు సరే, తెలుగుకు ఏ జెండా పెడతావు?

రంగుల సంగతి త్వరగా చెప్పేస్తా. మెనూ అక్షరాలకూ వెనక రంగుకూ తేడా కనీసం 4.5కు 1 ఉండాలి, గుర్తులకూ ఫోకస్ గీతకూ 3కు 1. తెలుపు మీద నువ్వు వేసిన బంగారు రంగు 2కు 1 దగ్గరే ఆగుతుంది. మే నెల ఎండలో ఫోన్ చూసేవాడికి అది కనబడదు, కళ్ళెంత బాగున్నా సరే. ఫొటో మీద పారదర్శకంగా పరిచిన హెడర్‌కు ఏ లెక్కా నిలవదు, ఫొటో మారితే లెక్క మారుతుంది. వెనక గట్టి రంగు పెట్టు. థీమ్‌లో ఔట్‌లైన్ నన్ అని ఎక్కడ ఉన్నా తీసేసి, ఫోకస్-విజిబుల్‌కు 3 పిక్సెళ్ళ ఔట్‌లైన్, 2 పిక్సెళ్ళ ఎడం పెట్టు. ఇప్పుడున్న పేజీని రంగుతో మాత్రమే చూపించకు, కింద గీత కూడా ఉండాలి, కోడ్‌లో ఏరియా-కరెంట్ పేజ్ ఉండాలి. నొక్కే చోటు 24 పిక్సెళ్ళకు తగ్గకూడదని 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూకాగ్ 2.2 (వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలనే అంతర్జాతీయ మార్గదర్శకాలు) అంటుంది. నేనైతే 44 అంటాను, రాళ్ళు మోసిన వేళ్ళకు 24 చాలదు.

పైన అతుక్కుని ఉండే హెడర్ 90 పిక్సెళ్ళుంటే, షిఫ్ట్ ట్యాబ్‌తో వెనక్కి వచ్చేటప్పుడు ఫోకస్ దాని వెనక దాక్కుంటుంది. హెచ్‌టీఎంఎల్‌కు స్క్రోల్-ప్యాడింగ్-టాప్ 100 పిక్సెళ్ళు ఇవ్వు. ఫోన్‌లో హెడర్‌ను అతికించకపోవడమే మేలు.

స్కిప్ లింక్ మర్చిపోకు. మొదటి ట్యాబ్‌కే 'ప్రధాన విషయానికి వెళ్ళండి' అని కనబడి, ఎంటర్ కొడితే మెనూ మొత్తం దాటించాలి. ఎలిమెంటర్ వాళ్ళ హలో థీమ్‌లో అది ఉంటుంది, కానీ క్యాన్వాస్ అనే ఖాళీ టెంప్లేట్ ఎంచుకుంటే థీమ్ హెడర్‌తోపాటు అదీ పోతుంది. అప్పుడు నువ్వే లింకు పెట్టి, పేజీ ప్రధాన కంటైనర్‌కు అడ్వాన్స్‌డ్ భాగంలో సీఎస్‌ఎస్ ఐడీ ఇవ్వాలి. రెండు చోట్లా పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. అదే కంటైనర్‌కు హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ 'మెయిన్' అని మార్చు, మెనూ ఉన్న కంటైనర్‌కు 'హెడర్'. అన్నీ డివ్‌గా వదిలేస్తే స్క్రీన్ రీడర్‌కు పేజీలో ఏది ఎక్కడో దిక్కు తోచదు.

ఆ తర్వాత చెవితో పరీక్ష. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, విండోస్‌లో వేసుకో. ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే లింకులు, బటన్లు, ల్యాండ్‌మార్కులు (హెడర్, మెయిన్ లాంటి పేజీ భాగాలు) జాబితాగా వస్తాయి. లోగో లింకు అక్కడ బొమ్మ ఫైల్ పేరుతో కనిపిస్తే ఆల్ట్ గడిలో అంగడి పేరు, హోమ్ అని రాయి. వెతికే భూతద్దం గుర్తు పేరు లేకుండా వట్టి లింకుగా కనిపిస్తే దానికీ పేరు పెట్టు. పైన ఒకటి, అడుగున ఒకటి రెండు నావ్‌లు ఉన్నాయి కదా, వాటికి 'ప్రధాన', 'అడుగు' అని ఏరియా-లేబుల్ చాలు. 'ప్రధాన నావిగేషన్' అని పెడితే నావిగేషన్ మాట రెండుసార్లు వినాల్సి వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఆన్ చేసి, కుడికి వేలితో తోస్తూ, రెండుసార్లు తట్టి తెరువు. కళ్ళు మూసుకుని 'ధరలు' పేజీ చేరగలిగితే సగం పని అయినట్టే.

'ఒక్క లైన్ కోడ్‌తో యాక్సెసిబుల్' అని మూలన మనిషి బొమ్మ వేలాడదీసే ప్లగిన్లను కొనిపించకు. అవి అక్షరం పెద్దది చేస్తాయి, రంగు మారుస్తాయి, ఆ పని బ్రౌజర్లూ ఫోన్లూ ఎప్పటినుంచో చేస్తూనే ఉన్నాయి. హాష్ లింకును అవి బటన్‌గా మార్చలేవు, తెగిన వత్తును అతికించలేవు.

అంగడి యజమాని 'మన గిరాకీల్లో చూపు లేనివాళ్ళు ఎవరు?' అంటే వాదం పెట్టుకోకు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉందనీ, 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ అందుబాటును 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమందనీ ఒక్క మాట చెప్పి, ఆయన ఫోన్‌లోనే అక్షరాలు పెద్దవి చేసి మెనూ చూపించు. ప్రభుత్వ కాలేజీ పని దొరికితే మాత్రం జీఐజీడబ్ల్యూ 3.0 అనే ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు ముందే చదువుకుని కొటేషన్ వెయ్యి, ఈ పరీక్షలకు పట్టే రెండు పూటల కూలీ అందులోనే కలుపు.

నీ మార్పులన్నీ చైల్డ్ థీమ్‌లో గానీ, బిల్డర్ కస్టమ్ సీఎస్‌ఎస్ గడిలో గానీ ఉండాలి. ప్లగిన్ ఫైళ్ళలో రాస్తే అప్‌డేట్‌తో కొట్టుకుపోతాయి. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా, హెడర్ టెంప్లేట్ మార్చినప్పుడల్లా ట్యాబ్ పరీక్ష ఒకసారి చెయ్యి, ఐదు నిమిషాల పని. ముందు ఆ హాష్ లింకు, ఒపాసిటీ సరిచేసి పంపు, మూడు గీతల సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అత్త
కడప