ఏ పాట వినిపిస్తే చేతిలో పని ఆపి వింటారు?

నా వరకు అది 1961లో వచ్చిన ‘జగదేకవీరుని కథ’లోని ‘శివశంకరీ’. పింగళి నాగేంద్రరావు రాసిన ఈ పాటకు పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీ కానడ రాగంలో బాణీ కట్టారు. ఈ రాగానికి గాంధారమే, అంటే సరిగమల్లోని ‘గ’ స్వరమే ప్రాణం. ఆ స్వరాన్ని తిన్నగా పలికి వదిలేయకుండా నెమ్మదిగా ఊగిస్తూ పలకాలి. ఘంటసాల మొదట్లో ఎక్కడా తొందరపడకుండా, ఒక్కొక్క స్వరం మీద నిలిచి పాడతారు కాబట్టి, ఆ తరువాత స్వరాలు, జతులు (తాళానికి తగ్గట్టు పలికే లయ అక్షరాలు) వేగం అందుకున్నప్పుడు ఆ ఉధృతి వినేవారిని కదలనివ్వదు. కథ ప్రకారం ఈ గానానికి రాయి కరగాలి. అంతటి సన్నివేశానికి తగిన గానం కుదరడమే అరుదు. తెరపై ఎన్.టి. రామారావు ఒక్కరే గాయకుడిగా, వాద్యకారులుగా కనిపించడం కూడా గొప్పగానే ఉంటుంది గానీ, నాకు మాత్రం కళ్లు మూసుకుని వింటేనే తృప్తి.