ల్యాప్‌టాప్ కాలుతోంది, ఫ్యాన్ అరుస్తోంది: మీ ఉత్తరాలకు జవాబులు

గుంటూరు బ్రాడీపేటలో 19 ఏళ్లుగా ల్యాప్‌టాప్‌లు విప్పి బిగించడమే నా పని. ఏప్రిల్ దాటిందంటే కొట్టుకు వచ్చేవాళ్లలో సగం మంది ఒకే మాట అంటారు: "ఊరికే కాలిపోతోందండీ." ఈ నెల ఉత్తరాలూ అలాగే ఉన్నాయి. అందుకని వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, వేడి గురించీ మోత గురించీ అడిగినవాళ్లకే జవాబు రాస్తున్నాను.

*మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టులో గుమస్తాను. మూడేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్. రైతుల పట్టీలు, లెక్కలు తప్ప ఇంకేమీ చేయను. పొద్దున బాగానే ఉంటుంది. రెండు దాటాక పిండిమర తిరిగినట్టు మోత. ఈ సీజన్‌లో రెండుసార్లు దానంతటదే ఆగిపోయింది. షావుకారు వైరస్ అంటున్నారు. — ఒక పాఠకుడు, గుంటూరు*

వైరస్ కాదండీ, మిరపకాయ.

ఎగతాళికి అనడం లేదు. యార్డు వైపు నుంచి వచ్చిన మిషన్‌ను నేను ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా విప్పను. మొదటిసారి తెలియక విప్పి పావుగంట తుమ్ముతూ కూర్చున్నాను. పక్క జిరాక్స్ కొట్టాయన ఎవరింట్లో పోపు మాడుతోందో అనుకుని బయటికొచ్చి చూశాడు.

మీ అడాప్టర్ తిరగేసి చూడండి, మామూలుగా 65 వాట్లని రాసి ఉంటుంది. ల్యాప్‌టాప్ తాగే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. అంటే పని జోరు మీద ఉన్నప్పుడు, వెనకటి 60 వాట్ల బల్బుకు దగ్గరగా వేడి ఆ పలుచటి పెట్టెలో పుట్టగలదు. వెలుగుతున్న ఆ బల్బును చిన్నప్పుడు ముట్టుకున్నవాళ్లకు నేను ఇంకేం చెప్పక్కర్లేదు. ఆ వేడిని బయటికి పంపడానికి ప్రాసెసర్ మీద, అంటే లెక్కలన్నీ చేసే ప్రధాన చిప్ మీద, చదునుగా నొక్కిన రాగి గొట్టం ఒకటి ఉంటుంది. అందులో గాలి తీసేసి, కొద్దిగా తడి ఉంచి మూసేస్తారు. ఇటు చివర వేడి తగిలి ఆ తడి ఆవిరవుతుంది, అటు చివరకు పోయి మళ్లీ నీరవుతుంది, వెనక్కి వస్తుంది. అటు చివర దువ్వెన పళ్లలాగా సన్నని రేకులు ఉంటాయి. ఫ్యాన్ గాలి ఆ రేకుల సందుల్లోంచి బయటికి పోవాలి.

మీ మిషన్‌లో పోవడం లేదు. ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య దుమ్ము దూదిలా పొర కట్టి ఉంటుంది. ఇళ్లల్లో వాడేవాటిలో ఆ పొర బూడిద రంగులో ఉంటుంది, యార్డు వాటిలో ఎర్రగా. మామూలు దుమ్ములా ఊదితే రాదు కూడా, జిడ్డుగా అతుక్కుని ఉంటుంది, బ్రష్షుతో గీకాలి. మీ గుమ్మం ముందే మిర్చి టిక్కీలు (బస్తాలు) దించుతూ ఉంటారు, ఫ్యాన్ రోజంతా ఆ గాలినే పీలుస్తోంది. పొద్దున బాగుండి మధ్యాహ్నం ఎందుకు ఆగుతోందంటారా? ఫ్యాన్ చల్లగాలి పుట్టించదు, గదిలో ఉన్న గాలినే లాగి కొడుతుంది. చాలా కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌ను 35 డిగ్రీల లోపు గదిలో వాడమని రాస్తాయి. రేకుల కప్పు కింద ఏప్రిల్ మధ్యాహ్నం ఎంతుంటుందో మీకే తెలుసు. లోపల ప్రాసెసర్ వంద డిగ్రీల దగ్గరకు వస్తే మొదట తన వేగం తగ్గించుకుంటుంది. లెక్కలు మెల్లగా కదలడం మీరు గమనించే ఉంటారు. అప్పటికీ వేడి దిగకపోతే కాలిపోకుండా ఆగిపోతుంది.

విప్పించి శుభ్రం చేయించి, ప్రాసెసర్ మీద పేస్ట్ మార్పించండి. ఆ పేస్ట్ ప్రాసెసర్‌కూ రాగికీ మధ్య కంటికి కనపడని సందులు పూడ్చడానికి. ఏళ్లు గడిస్తే ఎండి సుద్దలా రాలుతుంది. ఇళ్లల్లో వాడేవాళ్లకు ఏడాదిన్నర, రెండేళ్లకోసారి చాలంటాను. మీకు మాత్రం ఏడాదికి రెండుసార్లు. ఒకటి సీజన్ మొదలయ్యే ముందు, ఇంకొకటి వేసవిలో యార్డుకు సెలవులిచ్చినప్పుడు.

ఒక్కటి మాత్రం చేయకండి. బయటి నుంచి బ్లోయర్ పెట్టి ఊదకండి. ఈ తప్పు నేనే చేశాను. కొట్టు పెట్టిన మొదటి ఏడాది, ఒక ఇంజనీరింగ్ కుర్రాడి ల్యాప్‌టాప్‌కు బ్లోయర్ పూర్తి జోరు మీద పెట్టాను. ఫ్యాన్ రయ్యిమని తిరుగుతుంటే ముచ్చటేసి ఇంకాసేపు పట్టుకున్నాను. మర్నాడు అతను తిరిగొచ్చాడు, గరగర చప్పుడుతో. బేరింగు పోయింది. కొత్త ఫ్యాన్ డబ్బు నా జేబులోంచే పోయింది. ఇప్పుడు అగ్గిపుల్ల అడ్డం పెట్టి, రెక్క కదలకుండా చేసి, అప్పుడు ఊదుతాను.

సర్వీసింగ్‌కు తెచ్చేలోపు టేబుల్‌ను గుమ్మం దగ్గర్నుంచి లోపలికి జరపండి. ల్యాప్‌టాప్ వెనక కాళ్ల కింద రెండు కూల్‌డ్రింక్ మూతలు పెట్టండి, కింద గాలి ఆడుతుంది. షావుకారుకు యాంటీవైరస్ ఖర్చు మిగిలిందని చెప్పండి.

*మా అమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు చూశాను, తొడల మీద గోధుమరంగులో వలలాగా మచ్చలు. నొప్పి లేదంటోంది. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మంచం మీదే పని చేస్తుందట. దానివల్లేనా? — ఒక తల్లి, తెనాలి*

నేను మిషన్లు చూసేవాడిని అమ్మా, ముందు చర్మం డాక్టరుకు చూపించండి. కానీ మీరు రాసిన వర్ణన చదివితే నాకూ ల్యాప్‌టాప్ మీదే అనుమానం వస్తోంది. ఇది కొత్త జబ్బేమీ కాదు. చలికి కుంపటి పక్కనే గంటలకొద్దీ కూర్చునేవాళ్ల కాళ్ల మీద ఇలాంటి వల మచ్చలు వస్తాయని డాక్టర్లకు ఎప్పట్నుంచో తెలుసు. ఎరిథీమా అబ్ ఇగ్నే అని పేరు. 2010లో స్విట్జర్లాండ్ డాక్టర్లు 12 ఏళ్ల పిల్లవాడి సంగతి ఒకటి వైద్య పత్రికలో రాశారు. ఒళ్లో ల్యాప్‌టాప్‌తో రోజూ గంటల తరబడి ఆటలాడేవాడు, కొన్ని నెలలకు ఎడమ తొడ మీద మచ్చలు తేలాయి. బొబ్బలెక్కేంత వేడి అక్కర్లేదు. ఓర్చుకోగలిగిన వేడే రోజూ ఒకేచోట తగులుతుంటే చాలు. ఓర్చుకోగలం కాబట్టే పిల్లలు పట్టించుకోరు. వేడి తగలడం మానేస్తే మచ్చలు చాలామందికి నెలల మీద మెల్లగా తగ్గుతాయి, కొందరికి మిగిలిపోతాయి కూడా. అందుకే ఆలస్యం వద్దు.

మిషన్‌కూ ఆ మంచం మంచిది కాదు. చాలా ల్యాప్‌టాప్‌లు గాలిని అడుగు నుంచే పీలుస్తాయి. దుప్పటి మీద పెట్టామంటే ముక్కు మూసినట్టే. పైగా దుప్పటి నూగంతా లోపలికి పోతుంది. పిల్లను తిట్టకండి, నలుగురున్న గదికి ఒకటే టేబుల్ ఇచ్చే హాస్టల్లో ఆ అమ్మాయి మాత్రం ఎక్కడ పెట్టుకుంటుంది? కాళ్లు మడిచే చిన్న టేబుల్ మంచం మీదికి కొనివ్వండి. అది వచ్చేదాకా పరీక్షలకు తీసుకెళ్లే అట్ట ఉంటుంది కదా, అది కింద పెట్టుకోమనండి. పూర్తిగా సరిపోదు, దుప్పటి కంటే నయం.

*కొత్తగా పెళ్లయింది. ఇంటి నుంచే ఉద్యోగం. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంటే పిల్లలు పుట్టరని మా అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది. — పేరు, ఊరు వద్దన్నారు*

అమ్మ మాటలో కొంత ఉంది. 2005లో అమెరికాలో, న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 29 మంది మగవాళ్లను గంటసేపు ఒళ్లో ల్యాప్‌టాప్‌తో కూర్చోబెట్టి కొలిస్తే, వృషణాల దగ్గర వేడి రెండున్నర డిగ్రీలకు పైగా పెరిగింది. ల్యాప్‌టాప్ లేకుండా, తొడలు అలాగే దగ్గరగా పెట్టి కూర్చున్నా రెండు డిగ్రీలు పెరిగింది. అంటే కూర్చునే తీరుదే పెద్ద వాటా. వాళ్లు కొలిచింది వేడిని. పిల్లలు పుడతారా పుట్టరా అన్నది ఆ పరీక్షలో లేదు. వీర్యకణాలకు వేడి పడదన్నది మాత్రం నిజం. టేబుల్ మీద పెట్టుకోండి, అమ్మ టెన్షన్ తీరుతుంది, ల్యాప్‌టాప్ కూడా చల్లగా ఉంటుంది.

*రిటైర్డ్ టీచర్ని. ఎండాకాలం ల్యాప్‌టాప్‌ను కూలర్ ముందు పెట్టుకుంటున్నాను. కింద తడిగుడ్డ వేయమని ఒకరు, ఫ్రిజ్‌లో పది నిమిషాలు పెట్టమని పక్కింటి అబ్బాయి చెప్పారు. — ఒక పాఠకుడు, ఒంగోలు*

మాస్టారూ, ఫ్రిజ్‌లోంచి తీసిన మజ్జిగ గ్లాసుకు బయట చెమట ఎందుకు పడుతుందో ఎంతమంది పిల్లలకు చెప్పి ఉంటారో! అదే చెమట ల్యాప్‌టాప్ లోపల బోర్డు మీద పడుతుంది. సముద్రం దగ్గర ఊళ్లలో ఇంకాస్త ఎక్కువగా. ఫ్రిజ్ సలహా ఆ అబ్బాయికే తిరిగి ఇచ్చేయండి. తడిగుడ్డ అడుగున గాలి దారి మూస్తుంది, పైగా ఆ తడిని ఫ్యాన్ లోపలికి లాగుతుంది. కూలర్ గదిలో ఉంటే మంచిదే, దానికి ఎదురుగా మాత్రం వద్దు, తుంపర్లు వస్తాయి. మీకున్న సీలింగ్ ఫ్యాను, గట్టి టేబులు చాలు. ఉత్తరాలు టైపు చేయడానికీ వార్తలు చదవడానికీ మీ మిషన్ పెద్దగా కష్టపడదు. అయినా ఫ్యాన్ మోగుతోందంటే, వెనక తెరిచి ఉంచిన ముప్పై, నలభై పేజీలు మూసి చూడండి.

*మా అబ్బాయి డల్లాస్ నుంచి వస్తూ మాక్‌బుక్ ఎయిర్ ఎం2 తెచ్చాడు. ఎంతసేపు వాడినా చప్పుడే లేదు. ఫ్యాన్ పాడైందా? — ఒక పాఠకురాలు, హన్మకొండ*

దాంట్లో ఫ్యానే లేదమ్మా. 2020 చివర్లో వచ్చిన ఎం1 నుంచి ఆ ఎయిర్ మోడల్‌కు ఫ్యాన్ పెట్టడం మానేశారు. వేడిని రేకు ఒంటి ద్వారానే వదులుతుంది, మరీ ఎక్కువైతే నెమ్మదిస్తుంది. నిశ్చింతగా వాడుకోండి.

మీ ప్రశ్న మంచిదే కాబట్టి మిగతావాళ్లకు ఒక మాట. ఫ్యాన్ ఉన్న ల్యాప్‌టాప్ కాలుతూ, చప్పుడు చేయడం లేదంటే నాకు భయం. మోగేది తన పని తాను చేస్తోంది. రెండేళ్ల కిందట ఒకాయన "మోత దానంతటదే తగ్గిపోయింది, మంచిదైంది" అని సంతోషంగా చెప్పి, మూడు వారాలకు చచ్చిన బోర్డుతో వచ్చాడు. మోత తగ్గింది ఫ్యాన్ ఆగిపోయి. మీదీ అలా ఉంటే ఆపేసి తీసుకురండి.

*కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడే అడాప్టర్ బుయ్యిమంటుంది, వేడెక్కుతుంది. — ఒక పాఠకుడు, నంద్యాల*

తప్పు అడాప్టర్‌ది కాకపోవచ్చు. చౌక ఇన్వర్టర్లు కరెంటును నునుపైన అలలా ఇవ్వవు, మెట్లు మెట్లుగా ఇస్తాయి. నునుపైన అలలా ఇచ్చే సైన్‌వేవ్ ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో పెట్టి చూడండి, బుయ్యి పోతే సంగతి తెలిసిపోతుంది. అంతవరకు కరెంటు పోయినప్పుడు అడాప్టర్ తీసేసి, ల్యాప్‌టాప్ సొంత బ్యాటరీ మీదే వాడండి.

*తొమ్మిదేళ్ల నాటి ల్యాప్‌టాప్. ఫ్యాన్ మోతకు అలవాటు పడ్డాం. వారం నుంచి దాంతోపాటు టిక్కు, టిక్కుమని వేరే చప్పుడు, అప్పుడప్పుడు హ్యాంగ్ అవుతోంది. ఫ్యాన్ మార్చాలా? పెద్దమ్మాయి పెళ్లి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. — ఒక పాఠకురాలు, అనకాపల్లి*

అది ఫ్యాన్ కాకపోవచ్చమ్మా, హార్డ్ డిస్క్ అనిపిస్తోంది. ఆ కాలం ల్యాప్‌టాప్ డిస్కుల్లో పళ్లెం మామూలుగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది, దాన్ని తాకకుండా ఒక చిన్న సూది లాంటిది పైన కదులుతుంది. ఆ సూదికి దారి దొరకక మళ్లీ మళ్లీ వెనక్కి కొట్టుకోవడమే మీరు వింటున్న టిక్కు. ఇది వేడి తగ్గితే తగ్గేది కాదు.

ల్యాప్‌టాప్‌ను ఊరికే ఆన్ చేసి వినకండి. ఒక్కసారి ఆన్ చేసి, పెళ్లి ఫోటోలు ముందు, మిగతావి తర్వాత, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. మధ్యలో ఆగిపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నించకుండా, డేటా తీసేవాళ్ల దగ్గరకు అలాగే తీసుకెళ్లండి. ఫోటోలు చేతికొచ్చాక ఫ్యాన్ సంగతి రాయండి, చెబుతాను.