తొమ్మిదేళ్ల పిల్లవాడిని విమానంలో ఒంటరిగా పంపవచ్చా?

మీ బాబుకు తొమ్మిదేళ్లని, సెలవులకు వాళ్ల పెద్దమ్మ దగ్గరికి, మధ్యలో ఒకచోట విమానం మారేలా, ఒక్కడినే పంపాలనుకుంటున్నారని, ఇంట్లో పెద్దవాళ్లు ససేమిరా అంటున్నారని రాశారు. పంపవచ్చండీ. కాకపోతే మీరు భయపడుతున్న చోట కాదు, మరోచోట జాగ్రత్త పడాలి.

నేను కొన్నేళ్లు ఒక విమానయాన సంస్థలో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర పనిచేశాను. ఒంటరిగా వచ్చిన పిల్లలను గేటు దాకా తీసుకువెళ్లడం, దిగినవాళ్లను ఇంటివారికి అప్పగించడం మా పనిలో భాగం. ఆ తర్వాత మా అమ్మాయిని కూడా అలాగే పంపాను. కౌంటర్‌కు రెండు వైపులా నిలబడ్డాను కాబట్టి చెబుతున్నాను.

తల్లిదండ్రుల బెంగంతా విమానం గాలిలో ఉన్న సమయం గురించే. నిజానికి ప్రయాణం మొత్తంలో నిశ్చింతగా ఉండగలిగేది అప్పుడే. తలుపులు మూశాక పిల్లవాడు తప్పిపోయే వీలే లేదు. చిక్కులన్నీ నేల మీదే వస్తాయి.

చాలా సంస్థలు 5 ఏళ్లు నిండని పిల్లలను ఒంటరిగా ఎక్కించుకోవు. 5 నుంచి 11 ఏళ్ల వరకు ‘అన్‌అకంపనీడ్ మైనర్’ సేవ, అంటే పెద్దల తోడు లేని పిల్లలను సిబ్బంది కనిపెట్టుకునే సేవ, తీసుకుంటేనే పంపనిస్తాయి. దానికి విడిగా రుసుము ఉంటుంది. కొన్ని సంస్థల్లో ఈ వయోపరిమితి ఇంకా ఎక్కువ. తక్కువ టికెట్ ధర చూపించే సంస్థల్లో కొన్ని ఈ సేవే ఇవ్వవు. కాబట్టి టికెట్ కొనే ముందే ఫోను చేసి కనుక్కోండి, కొన్నాక కాదు.

ఆ సేవలో అసలు ప్రాణం ఒక కాగితంలో ఉంటుంది. విమానాశ్రయంలో ఎవరు దింపుతున్నారు, అవతల ఎవరు వచ్చి తీసుకువెళతారు, వాళ్ల ఫోను నంబర్లు అన్నీ అందులో రాయాలి. ఆ కాగితాన్నీ బోర్డింగ్ పాస్‌నూ ఒక సంచీలో పెట్టి పిల్లల మెడలో వేస్తాం. పిల్లవాడు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారినప్పుడల్లా సంతకం పడుతుంది. చివరి సంతకం కాగితంలో పేరున్న వ్యక్తే, గుర్తింపు కార్డు చూపించి పెట్టాలి.

ఒకసారి బాబాయి పేరు రాసి ఉంటే పిన్ని వచ్చింది. ఆయనకు ఆఫీసులో పని పడిందట. పాప ఆమెను చూడగానే పరుగెత్తి వెళ్లి నడుము పట్టుకుంది. అయినా మేము అప్పగించలేదు. పాప తల్లికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఆమె దొరికి, పేరు మార్పును రాతపూర్వకంగా పంపేసరికి గంట దాటింది. పిన్ని మా మీద మండిపడింది, పాప ఆకలితో ఏడ్చింది. మళ్లీ అదే పరిస్థితి వచ్చినా అలాగే చేస్తాను. పిల్లలు ఎవరిని చూసి పరుగెత్తారన్నది మాకు ఆధారం కాదు. అందుకే వచ్చి తీసుకువెళ్లేవాళ్లుగా రెండో పేరు కూడా రాయనిస్తారేమో అడగండి. పిల్లవాడిని విమానాశ్రయంలో దింపిన తర్వాత ఫోను చేతిలోనే ఉంచుకోండి. విమానం గాలిలోకి లేచేదాకా విమానాశ్రయం వదిలి వెళ్లకండి. రన్‌వే దాకా వెళ్లిన విమానాలు కూడా ఆగిపోతుంటాయి.

ఇక్కడ చాలామందికి రుచించని మాట ఒకటి చెబుతాను. ఏడేళ్ల పిల్లల కంటే పదమూడేళ్ల పిల్లల విషయంలోనే నాకు ఎక్కువ భయం. 12 ఏళ్లు నిండితే చాలా సంస్థలకు వాళ్లు పెద్దవాళ్లతో సమానం. మీరు అడిగి తీసుకుంటే తప్ప సేవ ఉండదు, సంచీ ఉండదు, సంతకాలు ఉండవు. వాతావరణం బాగాలేక విమానాన్ని వేరే నగరంలో దింపితే, సేవ తీసుకున్న ఏడేళ్ల పాప పక్కన మా మనిషి ఒకరు ఉంటారు. పదమూడేళ్ల కుర్రవాడు మాత్రం వందమంది ప్రయాణికుల వరుసలో ఒకడు. హోటల్లో గది ఇవ్వాలన్నా మైనర్ అని వెనకాడతారు. మీ బాబు పెద్దవాడయ్యాక కూడా ఈ సంగతి మరచిపోకండి.

వయసు కంటే నేను చూసేది మరొకటి. కొత్తవాళ్లను నోరు తెరిచి అడగగలడా? మరుగుదొడ్డికి వెళ్లాలని చెప్పడానికి సిగ్గుపడి, బిగదీసుకుని కూర్చుని చివరికి బట్టలు తడుపుకున్న పిల్లలను చూశాను. చురుకైనవాళ్లే, ఇంట్లో మాటల పుట్టలే. విమానంలో సిబ్బంది కనిపెట్టుకుని ఉంటారు కానీ పక్కన కూర్చోరు. మందులు వేయడం కూడా సాధారణంగా వాళ్ల పని కాదు. బాబును ఒకసారి బ్యాంకులోనో గ్రంథాలయంలోనో కౌంటర్ దగ్గరికి పంపి ఏదైనా అడిగి రమ్మనండి. మీరు దూరంగా నిలబడి చూడండి, మీకే తెలిసిపోతుంది.

చెవినొప్పి గురించి ముందే చెప్పి పంపండి. విమానం దిగడం మొదలుపెట్టాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పెరుగుతుంది. పెద్దవాళ్లం గుటక వేసి సర్దుకుంటాం, నిద్రలో ఉన్న పిల్లలకు అది కుదరదు. మా అమ్మాయికి చప్పరించడానికి బిళ్లలు ఇచ్చి, దిగే ముందు లేపమని సిబ్బందికి చెప్పమన్నాను. తనే వెళ్లి చెప్పిందట. తిరిగి వచ్చాక విమానం గురించి కాక ఆ ఘనకార్యం గురించే అందరికీ చెప్పుకుంది.

దారి మధ్యలో ఒకచోట విమానం మారాలని మీ ప్రశ్నలో రాశారు కదా. నాకున్న అభ్యంతరం అదొక్కటే. మొదటిది ఆలస్యమైతే రెండోది తప్పిపోతుంది, అది ఆ రోజు చివరి విమానమైతే రాత్రంతా అక్కడే. ఈ కారణంగానే చాలా సంస్థలు చిన్నపిల్లలను విమానం మారే ప్రయాణాలకు ఒప్పుకోవు, లేదా గట్టి షరతులు పెడతాయి. ఉదయం పూట నేరుగా వెళ్లే విమానం ఉన్న తేదీ వెతకండి. అది దొరక్కపోతే ఈసారికి మీలో ఒకరు వెంట వెళ్లండి.