ముసలితనానికి ఇంగ్లీషు విశేషణాలు: 'సెనైల్' జోలికి మాత్రం పోకండి

పెద్దవాళ్ళ గురించి రాయాలంటే 'ఓల్డ్' తప్ప ఇంకే ఇంగ్లీషు విశేషణాలున్నాయి, సెనైల్, డెక్రిపిట్, ఫ్రెయిల్, ఇన్‌ఫర్మ్ అన్నీ ఒకటేనా అని అడిగారు. ఒకటి కానే కాదు. గైడు పుస్తకాల్లో అన్నిటినీ ఒకే వరసలో అచ్చేసి పిల్లల చేత బట్టీ పట్టిస్తారు కాబట్టి అలా అనిపిస్తుంది. వీటిలో ఒక మాట మీద మా ఇంట్లో పెద్ద పంచాయితీయే జరిగింది.

మా నాయన చంద్రగిరి చుట్టుపక్కల హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాడు. ఎనభై దాటాయి. కుడికంట్లో శుక్లం ముదిరితే తిరుపతిలో ఆపరేషన్ చేయించాం. మర్నాడు కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టి, డిశ్చార్జి కాగితం చేతికిచ్చి పంపారు. నేను మందుల షాపులో చుక్కల మందు ఎన్నిసార్లు వేయాలో రాయించుకుంటూ ఉంటే, ఈయన అద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని చదువుతున్నాడు. 'సెనైల్ మెచ్యూర్ కాటరాక్ట్, రైట్ ఐ' అని ఉంది. వెనక్కి తిరిగి నేరుగా లోపలికి నడిచాడు. వెనకాలే పరిగెత్తాను.

లోపల హౌస్ సర్జన్ అమ్మాయి ఉంది. "ఏం పాపా, నాకు మతి పోయిందని రాసినారే?" అన్నాడు. ఆ పిల్లకు ముందు అర్థం కాలేదు. కాగితం చూసి, "అయ్యో సార్, అది వయసు వల్ల వచ్చే శుక్లం అని. అందరికీ అదే రాస్తాం" అంది.

"అందరికీ అదే రాస్తే అందరికీ తప్పే రాసినట్టు. నేను సర్వీసంతా పిల్లోళ్ళకు ఈ మాటకు అర్థం చెప్పినా. మతి తప్పిన ముసిలోడని చెప్పినా."

వెనక క్యూ పెరుగుతోంది. ఎలాగో బయటికి తెచ్చాను. అంతటితో అయిపోయిందనుకుంటే, ఇంటికొచ్చాక ఎర్ర ఇంకు పెన్ను తీసి 'సెనైల్' కొట్టేసి, పైన 'ఏజ్-రిలేటెడ్' అని రాసి, పక్కన తన పొట్టి సంతకం పెట్టాడు. పరీక్ష పేపరు దిద్దినట్టే. ఆ కాగితమే ఆపరేషన్ ఖర్చు తిరిగి రాబట్టుకునే రీయింబర్స్‌మెంట్ ఫైల్లో వెళ్ళింది. ఒరిజినల్లో దిద్దుబాటు ఉంది, డాక్టరు సంతకం లేదు అని ఆఫీసు వాళ్ళు తిప్పి పంపారు. డూప్లికేట్ కోసం ఎండలో ఆసుపత్రికీ ఆఫీసుకూ తిరిగింది నేను. అసలు పెన్షనర్లకు ఈ ఫైళ్ళ గోల ఏమిటో! జబ్బు కంటే ఫైలే ఎక్కువ రోజులు ఉంటుంది.

నిజానికి ఆ పిల్ల చెప్పిందీ తప్పు కాదు. లాటిన్లో సెనెక్స్ అంటే ముసలాయన. సీనియర్, సెనేట్ కూడా అక్కడివే. మొదట్లో సెనైల్ అంటే ముసలితనానికి సంబంధించినది అనే తప్ప అందులో తిట్టు లేదు. డాక్టర్ల కాగితాల్లో ఆ పాత అర్థం నిలిచిపోయింది, బయట ఆ మాట చెడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో పదో కూర్పు దాకా 'సెనిలిటీ' ఉండేది. పదకొండో కూర్పులో దాని బదులు 'ఓల్డ్ ఏజ్' అని పెట్టబోతే, ముసలితనమే జబ్బా అని చాలామంది ఎదురు తిరిగారు. 2022 జనవరిలో అది అమల్లోకి వచ్చేలోపు ఆ మాట తీసేసి, వయసుతో శక్తి తగ్గడం అనే అర్థం వచ్చే పొడుగాటి పేరొకటి పెట్టారు. అంటే మా నాయన ఎర్ర ఇంకుతో చేసిన పనే వాళ్ళూ చేశారు. వాళ్ళ ఫైలు మాత్రం ఎవరూ తిప్పి పంపలేదు.

ఫ్రెయిల్ మంచి మాట. సన్నగా, బలహీనంగా కనబడే ప్రతి అవ్వనూ ఫ్రెయిల్ అనేస్తారు గానీ, దానికి లెక్క ఉంది. 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ అనే డాక్టరు, ఆమె తోటివాళ్ళు అయిదు గుర్తులు పెట్టారు: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ఊరికే అలసిపోవడం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, ఒంటికి పని తగ్గడం. మూడు ఉంటే ఫ్రెయిల్. ఒకటో రెండో ఉంటే ఇంకా ఆ దారిలో ఉన్నట్టు. వయసు ఎంతన్నది ఆ అయిదింటిలో లేనే లేదు చూడండి. ఇన్‌ఫర్మ్ అంటే ఒంట్లో సత్తువ లేక పక్కవాళ్ళ సాయం కావాల్సిన మనిషి. డెక్రిపిట్ అంటే పాతబడి శిథిలమైపోయినది, దాన్ని గోడలకూ పాత బస్సులకూ వదిలేయండి. డాడరింగ్ అయితే తూలుతూ నడిచే మనిషిని చూసి నవ్వడం, అది అసలే వద్దు.

మర్యాద మాటలతో ఇంకో తంటా. 'సీనియర్ సిటిజన్' ఎంత గౌరవంగా ఉందో! ఏ వయసు నుంచి అన్నది మాత్రం ఒక్కోచోట ఒక్కోలా. పెద్దవాళ్ళ పోషణ, సంక్షేమం కోసం తెచ్చిన 2007 చట్టం ప్రకారం అరవై నిండితే ఆ హోదా. తిరుమలలో వృద్ధుల దర్శనానికి అరవై అయిదు నిండాలి. రైల్లో మగవాళ్ళకు అరవైకీ ఆడవాళ్ళకు యాభై ఎనిమిదికే రాయితీ ఉండేది. 2020 మార్చిలో ఆపేశారు, మళ్ళీ ఇవ్వలేదు. టికెట్ బుక్ చేసేటప్పుడు వయసు మాత్రం ఇప్పటికీ అడుగుతారు.

ఐక్యరాజ్యసమితి కమిటీ ఒకటి 1995లోనే 'ఎల్డర్లీ' వద్దని 'ఓల్డర్ పర్సన్స్' ఎంచుకుంది. నాయనకు అదీ నచ్చలేదు. "ఓల్డర్ అంటే ఎవురికంటే? 'దాన్' (than) వెయ్యకుండా కంపేరిటివ్ వాడితే నేను అర మార్కు కోసేవాణ్ణి" అన్నాడు. నన్నడిగితే ఎల్డర్లీ అంటే తప్పేమీ లేదు. ఎవరి గురించి రాస్తున్నారో ఆ మనిషి కళ్ళద్దాలు పెట్టుకుని అది చదువుతాడనుకుని రాయండి, సగం మాటలు వాటంతటవే రాలిపోతాయి.

పొగడ్తల్లో కూడా చూసుకోవాలి. 'స్ప్రై' అని ఒకటుంది, ముసలివాళ్ళు హుషారుగా ఉంటే అంటారు. ఇరవై ఏళ్ళ కుర్రాడిని ఎవరూ స్ప్రై అనరు. ఆ మాటలోనే 'ఈ వయసులో కూడానా' అన్న ఆశ్చర్యం దాగి ఉంటుంది. 'యాక్టివ్' అని రాసుకోండి, చాలు.