ఊటీ ట్రిప్ క్యాన్సిల్ అయింది, ఈ ఎండల్లో కడపలోనే ఉండి పిల్లలకి సెలవులు సరదాగా గడిచేలా ఏం చేయొచ్చు?

మీ ప్రశ్న చదివాను అక్కా. వెయిటింగ్ లిస్ట్ క్లియర్ కాక ఊటీ ప్రయాణం ఆగిపోయింది, మీవారికి నాలుగు రోజుల సెలవు మాత్రం అలాగే ఉంది, ఏడేళ్ల పాప, పదకొండేళ్ల బాబు ముఖాలు ముడుచుకుని కూర్చున్నారు, బయట చూస్తే కడప ఎండ. మాకూ గత వేసవిలో ఇదే పరిస్థితి వచ్చింది. అరకు వెళ్దామని బ్యాగులు కూడా సర్దుకున్నాక మా అత్తమ్మ బాత్రూంలో జారిపడి మణికట్టు విరిగింది, కట్టు వేశారు, ఆమెను వదిలేసి వెళ్లలేక ప్రయాణం మానుకున్నాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు ఒక్క మాట. "ఊటీలో ఏముందిలే, ఇక్కడే ఇంకా బాగుంటుంది" అని మాత్రం పిల్లలతో అనకండి. వాళ్లు నమ్మరు, పైగా మన బాధ అమ్మానాన్నలకి పట్టలేదు అనుకుంటారు. ఒక పూట అలగనివ్వండి, ఏడవనివ్వండి. మా పెద్దోడు సర్దిన బ్యాగు విప్పనివ్వలేదు, నేనూ విప్పమని అడగలేదు. సెలవులన్నాళ్లూ వాడు బీరువా ముట్టుకోకుండా ఆ బ్యాగులోంచే బట్టలు తీసుకుని వేసుకున్నాడు, నిజంగా ఊరెళ్లినట్టే.

అక్కడే నాకు అసలు సంగతి అర్థమైంది. ఊరెళ్తే పిల్లలకి కొండలు, జలపాతాలు నచ్చుతాయి, కాదనను, కానీ సగం సంతోషం ఇంటి పద్ధతులు మారిపోవడంలోనే ఉంటుంది. పొద్దున్నే బయటికెళ్లి టిఫిన్ తినడం, రాత్రి అందరూ ఒకేచోట వరసగా పడుకోవడం, అమ్మ వంటింట్లో లేకపోవడం, నాన్న ఆఫీసు ఫోన్లు ఎత్తకపోవడం, ఎవరూ "స్నానం చేశావా" అని వెంటపడకపోవడం. ఇవన్నీ కడపలో కూడా చేయొచ్చు. మీరు ఇంట్లో ఉంటూ రోజూలాగే మూడు పూటలా వండి, మధ్యలో బట్టలు ఉతికి, సాయంత్రం మాత్రం పార్కుకి తీసుకెళ్తే అది సెలవు కాదు, మీకూ కాదు వాళ్లకీ కాదు. కాబట్టి ఆ నాలుగు రోజులు పొద్దున వంట బంద్ అని ముందే చెప్పేయండి, మీవారిని కూడా ఫోన్ పక్కన పెట్టమనండి.

డబ్బు సంగతి పిల్లలతో దాచొద్దు. ఆన్‌లైన్‌లో తీసుకున్న టికెట్ చార్ట్ తయారయ్యాక కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దయి, కొద్దిగా చార్జీ పట్టుకుని మిగతాది ఖాతాలోకి వచ్చేస్తుంది. అందులోంచి కొంత చేతికిచ్చి "ఒక పూటకి ఎక్కడికెళ్లాలో, ఏం తినాలో మీరే చెప్పండి, మేం మీ వెనకాల వస్తాం" అనండి. మా చిన్నది ఐస్‌క్రీం పార్లర్, గాజుల షాపు, మళ్లీ ఐస్‌క్రీం పార్లర్ అని ప్లాన్ వేసింది. అలాగే తిరిగాం. మారు మాట్లాడకండి, అదే ముఖ్యం.

ఇక ఎండ. మే నెలలో ఇక్కడ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, 42, 43 డిగ్రీలు మామూలే. తెల్లవారుజామున అయిదింటి నుంచి తొమ్మిది వరకు బయట, ఆ తర్వాత సాయంత్రం అయిదున్నర దాకా ఇంట్లో, మళ్లీ చీకటి పడేవరకు బయట, ఈ లెక్కలో ఎక్కడా రాజీ పడొద్దు. పిల్లలకి చెమటకాయలు, వడదెబ్బ పట్టుకుంటే మిగతావన్నీ పోతాయి.

పొద్దున పూటకి ఒంటిమిట్ట బాగుంటుంది. తిరుపతి రోడ్డులో పాతిక కిలోమీటర్లు, చల్లగాలికి వెళ్లిపోవచ్చు. గుడిలోకి వెళ్లేముందు పిల్లలకి ఒక పని ఇవ్వండి: గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఒకే రాతిలో ఉంటారు, ఎక్కడైనా రాముడి దగ్గర తప్పకుండా ఉండేవాళ్లు ఒకరు ఇక్కడ లేరు, ఎవరో కనిపెట్టండి అని. ఆంజనేయుడు లేడని పిల్లలే పట్టేస్తారు, ఎందుకు లేడని అడుగుతారు. రాముడు హనుమంతుడిని కలవకముందటి రూపం ఇది అని మన పెద్దలు చెప్పే కథ అప్పుడు చెప్పొచ్చు. హనుమంతుడిని చూడాలంటే బయట సంజీవరాయ స్వామి గుడి ఉంది. తిరిగొచ్చి టౌన్‌లో కారం దోస. ఎర్రకారం పూసి పైన పప్పుల పొడి చల్లిస్తే పెద్దోళ్లకి పండగే, పాపకి మాత్రం కారం తగ్గించమని ముందే చెప్పండి.

సాయంత్రానికైతే నా ఓటు సిద్ధవటానికే. మట్లి రాజుల కోట, పక్కనే పెన్న. కోట మూసేలోపు చూసేసి ఇసుకలోకి దిగండి. వేసవిలో ఏరు చాలామటుకు ఇసుకే కదా, మా పిల్లలు అక్కడ చెలమ తీశారు. అత్తమ్మ ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే చెప్పింది, చిన్నప్పుడు బిందెలు తీసుకెళ్లి చెలమ నీళ్లు తెచ్చుకునేవాళ్లమని, తడి కనిపించే పల్లపు చోట చూసి తవ్వమని. ప్లాస్టిక్ గిన్నెలతో మోచేతి లోతు తవ్వాక ఇసుక రంగు మారింది, ఇంకాస్త తవ్వితే అడుగున బురదగా నీరు ఊరడం మొదలైంది. ఆ బురద నీళ్లు రెండుసార్లు తోడి పారబోశాక మూడోసారికి తేటగా వచ్చాయి. మా పెద్దోడు నమ్మలేక నన్నే "అమ్మా, పైపు ఉందా కింద?" అని అడిగాడు. ఫోన్‌లో అంతసేపు గేమ్ ఆడే పిల్లాడు చీకటి పడేదాకా ఆ గుంత దగ్గర నుంచి లేవలేదు. ప్రతిచోటా నీరు పడుతుందని కాదు, పడకపోయినా తవ్వడమే సరదా. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నా, ఇసుక తవ్వుకెళ్లిన చోట లోతైన గుంతల్లో నీళ్లు నిలిచి ఉంటాయి, పిల్లల్ని ఆ దరిదాపులకి పోనివ్వకండి. ఆ ఊరివాళ్లని ఎవరినైనా అడిగి, ఎక్కడ దిగొచ్చో చెప్పించుకుని దిగండి.

ఒక రాత్రి బయట ఉండాలని పిల్లలు పట్టుబడితే గండికోట. దాదాపు 80 కిలోమీటర్లు, జమ్మలమడుగు మీదుగా. టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, శని, ఆదివారాలు బెంగళూరు నుంచి జనం దిగుతారు కాబట్టి మధ్య వారంలో రూమ్ తీసుకోండి. సాయంత్రం చేరి మాధవరాయ స్వామి గుడి, జుమ్మా మసీదు, దాని పక్కనే ఉన్న ధాన్యాగారం చూసి, పొద్దున సూర్యోదయానికి లోయ దగ్గరికి వెళ్లి, ఎండెక్కేలోపు కారెక్కేయాలి. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన లోయ అది, చూస్తే పెద్దోళ్లకే ఒళ్లు జలదరిస్తుంది. అంచున కంచె ఉంటుందని అనుకోకండి. అక్కడ ఉన్నంతసేపూ పాప చెయ్యి ఒకరు, బాబు చెయ్యి ఒకరు పట్టుకోవాల్సిందే, సెల్ఫీలు తర్వాత.

మధ్యాహ్నాలే కష్టం. మేం ముందుగదిలో కిటికీలకి దుప్పట్లు కట్టి, పాత చీరలతో ఫ్యాన్ కింద గుడారం వేశాం, పిల్లలు అందులోనే తిన్నారు, పడుకున్నారు. నేల మీద మన కడప బండలే కాబట్టి సుద్దముక్కతో పులి మేక గీస్తే చక్కగా కనిపిస్తుంది. మూడు పులులు, పదిహేను మేకలు, చింతగింజలు రాళ్లు చాలు. అత్తమ్మ ఒక చేతికి కట్టుతోనే రెండో చేత్తో ఆడి పిల్లలిద్దర్నీ ఓడించింది. మీ ఇంట్లో ఆట తెలిసిన పెద్దవాళ్లు ఉంటే వాళ్లకే అప్పగించండి, లేకపోతే ఫోన్ చేసి నేర్చుకోండి.

ఒక మధ్యాహ్నం ఉగ్గాని పిల్లల చేత చేయించండి, పొద్దున వంట బందే గానీ ఇది ఆటే. బొరుగులు నీళ్లలో వేసి వెంటనే తీసి పిండేయాలి, ఇంకాస్త ఉంచితే ముద్దయిపోతాయి. ఆ పిండే పని ఏడేళ్ల పాప బ్రహ్మాండంగా చేస్తుంది. తిరగమాత, పచ్చిమిర్చి మీరు చూసుకోండి, చివర్లో పప్పుల పొడి, నిమ్మకాయ బాబుకి వదిలేయండి. బజ్జీలు బయటి నుంచి తెప్పించుకుంటే సరి.

పుస్తకాల మీద ఇష్టం ఉన్న పిల్లలైతే ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం చూపించండి. బ్రౌన్ దొర 1820లో ఉద్యోగం మీద కడప వచ్చి, ఇక్కడే బంగళా కొని, పండితులని పెట్టుకుని పాత తెలుగు పుస్తకాలు బాగుచేయించాడు, ఆ బంగళా ఉన్న చోటే ఈ లైబ్రరీ. బడిలో కంఠస్థం చేయించే వేమన పద్యాల్ని ఊరూరా సేకరించి అచ్చు వేయించింది ఆయనే అని చెప్తే పిల్లలు కాస్త ఆగి చూస్తారు. తెరిచి ఉందో లేదో మాత్రం కనుక్కుని వెళ్లండి.

రాత్రుళ్లు మిద్దె మీద. సాయంత్రమే రెండు మూడు బక్కెట్లు నీళ్లు కొట్టకపోతే స్లాబ్ వేడి నడుముకి తగులుతుంది. చాపలు, బొంతలు, దోమతెర, కుండలో నీళ్లు. లైట్లు ఆర్పేసి ఉత్తరం వైపు చూపించండి, మే నెలలో పొద్దుగూకాక సప్తర్షులు పైనే కనిపిస్తారు. తోక చివరి నుంచి రెండో చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని మినుకుమనేది అరుంధతి. పెళ్లిలో పంతులుగారు చూపించేది ఇదే అంటే మా చిన్నది మమ్మల్నిద్దర్నీ నిలదీసింది, నిజంగా కనిపించిందా మీకు అని.

ఇంకొక్కటి. పిల్లలు ఊటీ మళ్లీ ఎప్పుడని అడుగుతారు. దసరాకి అనుకుంటే రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఆ రోజు పొద్దున్నే కూర్చుని బుక్ చేయండి, కన్ఫర్మ్ అయ్యాకే తారీఖు పిల్లల చెవిన వేయండి.